స్తూపం మీద ఏం రాయించాలి? శ్రీలంకలో పోయిన మా జవాను గురించి

పాత_మద్రాసీ

అందరికీ నమస్కారం. నేను మద్రాస్ రెజిమెంట్‌లో చేసి హవల్దారుగా రిటైరయ్యాను. ఐపీకేఎఫ్‌తో (భారత శాంతి పరిరక్షక దళం) శ్రీలంక వెళ్లొచ్చినవాణ్ణి. నా సెక్షన్‌లో ఒక కుర్రాడు 1988లో వవునియా నుంచి మాంకుళం వెళ్లే రోడ్డు మీద మందుపాతర పేలి చనిపోయాడు. చిత్తూరు జిల్లావాడు. ఇన్నేళ్లకి వాళ్ల తమ్ముడు ఊళ్లో హైస్కూలు గేటు పక్కన చిన్న స్తూపం కట్టిస్తున్నాడు. స్థలం పంచాయతీ ఇచ్చింది. రాయి కూడా వచ్చేసింది. గొడవంతా ఆ రాయి మీద రాతల దగ్గరే.

పంచాయతీవాళ్లు రాసిచ్చింది ఇదీ: "దేశ సరిహద్దుల్లో శత్రుమూకలతో వీరోచితంగా పోరాడుతూ అసువులు బాసిన అమరవీరుడు." వినడానికి బాగానే ఉంది. కానీ వాడు సరిహద్దులో పోలేదు. సముద్రం అవతల, పరాయి దేశంలో, పొద్దున్నే రోడ్డు చూసుకుంటూ నడుస్తూ పోయాడు. ఊళ్లో సగం మంది పాకిస్తాన్ యుద్ధం అనుకుంటున్నారు. శ్రీలంక అని రాయిద్దామంటే ఒక పెద్దాయన "అదెందుకు లెండి, అక్కడ మనకేం ఒరిగింది, రేపు పిల్లలు అడిగితే ఏం చెప్తాం" అన్నాడట. తమ్ముడు నాకు ఫోన్ చేసి "అన్నా, నువ్వు చెప్పిందే రాయిస్తా" అన్నాడు. అప్పట్నుంచి నాకు టెన్షన్.

ఫౌజీలు, ఫౌజీల ఇళ్లవాళ్లు ఎవరైనా ఉంటే సలహా చెప్పండి. వాడి పేరు ఇక్కడ రాయను. వాళ్లమ్మ ఇంకా ఉంది, ఆవిణ్ణి అడగలేదు.

కోనసీమ_కుర్రాడు

నమస్తే బాబాయ్. ఏమీ అనుకోకండి, ఐపీకేఎఫ్ అంటే రాజీవ్ గాంధీ హత్యకు ముందు జరిగిన గొడవ ఏదో అని తప్ప నాకు తెలీదు. బళ్లో ఎవరూ చెప్పలేదు. మనవాళ్లు అక్కడికి ఎందుకెళ్లారు? ఎవరితో కొట్లాడారు?

సిగ్నల్స్_సుబేదార్

బాబూ, నేనూ వెళ్లినవాణ్ణే, నాకు తెలిసింది చెప్తా. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. తమిళ మిలిటెంట్లు ఆయుధాలు అప్పగించాలి, శ్రీలంక సైన్యం బ్యారక్‌లకు వెళ్లిపోవాలి, మధ్యలో మనం నిలబడి చూసుకోవాలి. మర్నాటికే మనవాళ్లు జాఫ్నా పక్కన పలాలి ఎయిర్‌ఫీల్డ్‌లో దిగుతున్నారు. ముందు వెళ్లింది 54 డివిజన్, మన సికింద్రాబాద్‌లో ఉండేదే. అదే రోజు కొలంబోలో గార్డ్ ఆఫ్ ఆనర్ తీసుకుంటున్న రాజీవ్ గాంధీని ఒక శ్రీలంక నేవీ జవాను తుపాకీ తిరగేసి కొట్టాడు. ఈ వ్యవహారం ఎటు పోతుందో అప్పుడే అర్థం కావాల్సింది.

జాఫ్నా జనం మొదట పూలదండలు వేశారు. అక్టోబరు వచ్చేసరికి ఆ మిలిటెంట్లలో ఎల్టీటీఈతో, అంటే తమిళ పులులతో, చెడింది. ఆపరేషన్ పవన్ అని జాఫ్నా మీదికి వెళ్లాం. జాఫ్నా యూనివర్సిటీ దగ్గర రాత్రిపూట హెలికాప్టర్లలో దిగిన 13 సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లటూన్‌లో 29 మంది పోయారు, ఒక్కడు పట్టుబడ్డాడు. మన చేతిలో ఎస్‌ఎల్‌ఆర్, గుండుకి ఒకసారి ట్రిగ్గర్ నొక్కాలి. అవతల కుర్రాళ్ల దగ్గర ఏకే-47లు. ఆ కుర్రాళ్లలో ఎంతోమందికి ట్రైనింగ్ ఇచ్చింది కూడా మన దేశమే, అదీ సంగతి. 1989లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస మమ్మల్ని వెళ్లిపొమ్మన్నాడు. 1990 మార్చి 24న ట్రింకోమలీ నుంచి ఆఖరివాళ్లు ఓడెక్కారు. మద్రాసులో దిగితే ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి రాలేదు. మొత్తం మీద 1,100 మందికి పైగా పోయారు. దెబ్బలు తగిలినవాళ్లు 3,000 పైన.

పాత_మద్రాసీ గారూ, నా మాట శ్రీలంక అని రాయించండి. పిల్లలు అడుగుతారనే కదా హైస్కూలు దగ్గర కట్టేది.

నిజం_చెప్పాలి

పెద్దవాళ్లు, చనిపోయినవాళ్ల విషయం, అయినా ఒక మాట అంటాను. 1987 అక్టోబరు 21న జాఫ్నా ఆసుపత్రిలో ఏం జరిగిందో కూడా చెప్పండి. డాక్టర్లు, నర్సులు, రోగులు కలిపి 60 మందికి పైగా మన సైన్యం కాల్పుల్లో పోయారు. దీపావళి రోజది. అక్కడి తమిళులు ఇప్పటికీ ఏటా గుర్తు చేసుకుంటారు. ఆ యుద్ధాన్ని రాయి మీద చెక్కి పిల్లలకి వీరగాథలా చూపించడం నాకు సబబుగా అనిపించట్లేదు. జవాను మీద నాకు కోపం లేదు. పంపినవాళ్ల మీదే.

కోనసీమ_కుర్రాడు

బ్రో, ఆయన సలహా అడిగారు, తీర్పు కాదు.

పాత_మద్రాసీ

ఉండు బాబూ, ఆయన్ని అననివ్వు. ఆసుపత్రి సంగతి నిజం. మా పల్టన్ ఆ రోజు అక్కడ లేదు. లేదు కాబట్టి నాకు సంబంధం లేదనను, అదే యూనిఫాం కదా. అందుకే "శత్రుమూకలు" అన్న మాట నాకు గొంతు దిగట్లేదు. ఆ మాట తీసేయించాలని నేను కూడా చూస్తున్నాను.

మావాడి గురించి కొంచెం చెప్తాను, అప్పుడు మీకే తెలుస్తుంది. కుప్పం వైపువాడు. ఇంట్లో తెలుగు, వీధిలోకొస్తే అరవం. మా సెక్షన్‌కి వాడే దుబాసీ. మొదట్లో మేం జాఫ్నా పక్క పల్లెల్లో ఉన్నాం. ఎర్రమట్టి నేల, ఉల్లితోటలు, పొగాకు, ఎటు చూసినా తాటిచెట్లు. బావులకి ఏతాలు ఉంటాయి. ఒక ముసలావిడ ఉల్లితోటలో ఏతం తాడు తెగిపోతే వాడు తుపాకీ నా చేతికిచ్చి, చొక్కా విప్పి, పొడుగు వాసం మీదికి పాకి తాడు ముడేసి దిగాడు. ఆ ముడి వేసేటప్పుడు నోట్లో తాడు కొస పట్టుకుని ఏదో అరవ పాట కూనిరాగం తీస్తున్నాడు. సుబేదార్ సాబ్ చూసి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. ఆవిడ మాకు తాటిముంజలు కొట్టించి పెట్టింది.

అక్టోబరు తర్వాత ఆ దారినే వెళ్లాం. ఆవిడ తలుపు తీయలేదు. వాడు బయట నిలబడి "పాట్టీ, పాట్టీ" (అవ్వా, అవ్వా) అని పిలిచాడు. లోపల మనిషి కదిలిన చప్పుడు వినిపించింది. తీయలేదు. ఆ రాత్రి లంగర్‌లో వాడు కంచం ముట్టుకోలేదు. "మనం వీళ్లకి ఏం చేశాం అన్నా" అని అడిగాడు. నేను హవల్దార్ని కాను అప్పటికి, లాన్స్ నాయక్‌ని, నా దగ్గర జవాబు లేదు. "తిని పడుకో, పొద్దున స్టాండ్ టు ఉంది" అన్నాను.

పోయిన రోజు సంగతి ఎక్కువ రాయను. రోడ్ ఓపెనింగ్‌కి వెళ్లాం. బండ్లు రాకముందు నడిచి రోడ్డు చూడాలి. కల్వర్టు కింద పెట్టి తీగ అడవిలోకి లాక్కెళ్లారు. ముందువాడు నేల చూస్తాడు, పక్కవాళ్లు అడవి చూస్తారు. వాడు ముందు ఉన్నాడు.

ఫౌజీ_బిడ్డ

అంకుల్, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా నాన్న కూడా అక్కడే, బట్టికలోవాలో పోయారు. నేను అప్పుడు పసిపిల్లని, నాకు గుర్తున్నవి అమ్మ చెప్పినవే. టెలిగ్రాం ఇంగ్లీషులో వచ్చింది. పోస్టుమాన్‌కి అర్థమైంది కానీ చెప్పే ధైర్యం లేక మా మేనమామ ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాడట. మనిషిని అక్కడే దహనం చేశారు. అప్పట్లో ఇప్పటిలా జెండా కప్పి ఊరికి తేవడం, మంత్రులు రావడం లేదు. మాకు వచ్చింది అస్థికలు, ఒక నల్ల ట్రంకు పెట్టె.

పెట్టె మూత లోపల టైపు చేసిన లిస్టు అంటించి ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. చొక్కాలు, షేవింగ్ సెట్టు, హెచ్‌ఎంటీ వాచీ, దేవుడి పటం, బ్యాటరీ లేని టార్చి, సగం రాసిన ఇన్‌లాండ్ లెటర్. ఒక్కో వస్తువు పక్కన పెన్సిల్‌తో టిక్కు. చివర ఎవరో ఆఫీసర్ సంతకం. చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు, పోయిన మనిషి బ్యాటరీ లేని టార్చి కూడా ఎవరు ఇంత జాగ్రత్తగా లెక్కపెట్టారా అని. మీలాంటి వాళ్లెవరో కూర్చుని రాసి ఉంటారు కదా.

స్కూల్లో ఆగస్టు 15కి నన్ను స్టేజీ మీదికి పిలిచి "వీళ్ల నాన్న పాకిస్తాన్ యుద్ధంలో అమరుడయ్యాడు" అనేవాళ్లు. మొదట్లో "కాదు సార్, శ్రీలంక" అనేదాన్ని. వాళ్లు ఇబ్బందిగా చూసేవాళ్లు. తర్వాత అనడం మానేశాను. అందుకని నా ఓటు ఊరి పేరుతో సహా రాయించడానికే. కానీ అంకుల్, ముందు వాళ్లమ్మని అడగండి. మేమందరం మాట్లాడుకుంటున్నాం, ఆవిడ కొడుకు.

డల్లాస్_మామయ్య

మా పక్కింట్లో ఒక ముసలాయన ఉంటాడు, వియత్నాంలో మెరీన్‌గా చేసినవాడు. ఆ యుద్ధంలో మెరీన్లే 14 వేలకు పైగా పోయారు. ఈయన జతగాడు 1968లో ఖే సాన్ దగ్గర పోయాడు. మే నెల ఆఖరి సోమవారం ఇక్కడ మెమోరియల్ డే. ఊరంతా బార్బెక్యూలు, మాల్స్‌లో సేల్‌లు. ఈయన మాత్రం వరండాలో ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఒకసారి నేను వెళ్లి ఆ కుర్చీలో కూర్చోబోతే ఏమీ అనలేదు కానీ లోపల్నుంచి ఇంకోటి తెచ్చి వేశాడు.

అప్పుడు నాకు ఆ స్నేహితుడి గురించి చెప్పాడు. వీరుడనీ త్యాగమనీ ఒక్క మాట అనలేదు. పేకాటలో దొంగాట ఆడేవాడట. ఇంటి నుంచి వచ్చిన బిస్కెట్లు దాచుకుని ఎవరికీ పెట్టేవాడు కాదట. ఈయన దగ్గర 20 డాలర్లు అప్పు తీసుకుని తీర్చకుండా పోయాడట. ఆ అప్పు సంగతి చెప్తూ నవ్వి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వాడు.

వియత్నాం కూడా ఇక్కడ జనం తల తిప్పుకున్న యుద్ధమే. వాషింగ్టన్‌లో 1982లో కట్టిన ఆ నల్లరాతి గోడకి చందాలు పోగు చేసింది తిరిగొచ్చిన సైనికులే. 58,000 పైచిలుకు పేర్లు, పోయిన తేదీల వరసలో. ర్యాంకు లేదు, వీరుడు లేదు, శత్రువు లేదు. మొదట్లో ఆ గోడని తిట్టినవాళ్లూ ఉన్నారు, ఇదేం స్మారకం అని. ఇప్పుడు అక్కడికి వెళ్తే జనం కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది పేరు అచ్చు తీసుకుని వెళ్తుంటారు. పాత_మద్రాసీ గారూ, విశేషణాలు తీసేయండి. పేరు చాలు.

సిగ్నల్స్_సుబేదార్

డల్లాస్ గారూ, గోడ మీద వేల పేర్లుంటే పేరు చాలు. ఒక పల్లెటూళ్లో ఒక్క రాయి మీద ఒక్క పేరు ఉంటే ఎవరో ఎమ్మెల్యే తాలూకు అనుకుంటారు. వివరం ఉండాల్సిందే.

పని మాటలు చెప్తాను. ఒకటి, పేరు ఇంటి కాగితాలు చూసి రాయించొద్దు. ఆధార్‌లో ఒకలా, సర్వీసు బుక్కులో ఒకలా ఉంటుంది మనవాళ్లకి. ఇంటిపేరు కొందరికి ముందుంటుంది, కొందరికి పొడి అక్షరం, కొందరికి అసలుండదు. వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంట్ రికార్డ్స్‌కి తమ్ముడి చేత ఉత్తరం రాయించండి, జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు ద్వారా వెళ్తే నయం. ఢిల్లీలో నేషనల్ వార్ మెమోరియల్ 2019 ఫిబ్రవరి 25న తెరిచారు కదా, త్యాగ చక్రలో ఒక్కొక్కరికీ ఒక్కో రాతి పలక ఉంది. అందులో పవన్‌వాళ్లూ ఉన్నారు. అక్కడెలా ఉందో సరిచూసుకోండి.

రెండు, "ఆపరేషన్ పవన్" అని తప్పకుండా వేయించండి. అది చూసి రేపు ఎవడైనా ఫోన్‌లో వెతుక్కుంటాడు. వెతికితే 8 మహార్ మేజర్ రామస్వామి పరమేశ్వరన్ గురించి కూడా తెలుస్తుంది. 1987 నవంబరు 25న ఛాతీలో గుండు దిగాక కూడా ఎదుటివాడి రైఫిల్ లాక్కుని కాల్చినాయన. పరమవీర చక్ర ఇచ్చారు. ఐపీకేఎఫ్ మొత్తానికి అదొక్కటే.

కొలంబో_ఉద్యోగి

నేను పని మీద కొలంబోలో ఉంటున్నాను. బత్తరముల్లలో, వాళ్ల పార్లమెంటుకి దగ్గర్లో ఐపీకేఎఫ్ స్మారకం ఉంది. శ్రీలంకవాళ్లు కట్టిందే. చాలా శుభ్రంగా ఉంచుతారు. రాతి మీద సుమారు 1,200 పేర్లు ఉన్నాయంటారు. 2015లో మోదీ వచ్చి పూలు పెట్టారు, 2025లో కూడా. మామూలు రోజుల్లో మన టూరిస్టులు అటు రారు, కసీనోలకీ సీత గుడికీ వెళ్తారు. మా ఆఫీసులో తెలుగువాళ్లకే ఆ స్మారకం సంగతి తెలీదు, చెప్తే "మనవాళ్లకి ఇక్కడెందుకు?" అన్నారు.

నాకు ఒకటి వింతగా అనిపిస్తుంది. వెళ్లిపొమ్మని గట్టిగా చెప్పిన దేశం పేర్లు చెక్కి పెట్టింది. మన ఊళ్లో మనమేమో దేశం పేరు చెక్కడానికి మొహమాటపడుతున్నాం. పేరు, నంబరు నాకు మెసేజ్ చేయండి సార్. పౌర్ణమికి ఇక్కడ సెలవు, ఆ రోజు వెళ్లి వెతికి ఫోటో పంపుతాను.

నిజం_చెప్పాలి

పాత_మద్రాసీ గారూ, ఏతం సంగతి చదివాక నేను రాసిన దాంట్లో సగం వెనక్కి తీసుకోవాలనిపించింది కానీ తీసుకోను, ఎందుకంటే ఆ ముసలావిడ తలుపు తీయకపోవడం కూడా అదే కథ. ఒక్కటి అడుగుతాను. శత్రుమూకలు తీసేసి, వీరోచితంగా తీసేసి, శ్రీలంక అని పెడితే నాకు ఏ అభ్యంతరం లేదు. నేనైతే అలాంటి రాయి ముందు ఆగుతాను.

మాధవరం_మనవడు

మాది తాడేపల్లిగూడెం పక్క మాధవరం, అందరూ మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మా ఊరి నుంచి వెళ్లారు. ఎవరి కోసం వెళ్లారు? తెల్లవాళ్ల కోసం. అయినా ఊరు వాళ్లని దాచుకోలేదు, మా తాతలు ఆ కబుర్లు అరుగుల మీద చెప్పుకునే పెరిగారు. ఏ రాజు పంపాడన్నది వేరు, మన పిల్లాడు వెళ్లాడన్నది వేరు.

ఇంకోటి, నాకు రాతిపనివాళ్లతో పరిచయం ఉంది కాబట్టి చెప్తున్నా. కుప్పం గ్రానైట్ మంచిదే, అందులో అక్షరం లోతుగా చెక్కించండి. పైపైన గీసి బంగారు రంగు పూస్తామంటారు, ఒప్పుకోవద్దు. నాలుగు వానలకి రంగు పోతుంది, పేరు కనబడదు. తెలుగులో ఒత్తులు, గుడులు చిన్న సైజులో చెక్కితే విరిగిపోతాయి. మాటలు తక్కువ ఉంటే అక్షరం పెద్దది వేసుకోవచ్చు. పంచాయతీవాళ్ల వాక్యం చెక్కాలంటే ఆ రాయి సరిపోదు కూడా, ఆ మాట చెప్పండి వాళ్లకి, గొడవ లేకుండా తేలిపోతుంది.

కోనసీమ_కుర్రాడు

హహ, ఈ ఐడియా సూపర్ అన్నా.

పాత_మద్రాసీ

అందరికీ పేరుపేరునా థాంక్స్. అమ్మాయి చెప్పినట్టు నిన్న సాయంత్రం వాళ్లమ్మతో మాట్లాడాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టి తమ్ముడు పక్కన కూర్చున్నాడు. ఆవిడకి వినికిడి తగ్గింది, గట్టిగా అరవాల్సొచ్చింది. శ్రీలంక అని రాయించమంటావా అమ్మా అని అడిగాను. "వాడు ఉత్తరం రాస్తే అడ్రస్సులో నంబర్లే ఉండేవి నాయనా. ఏ ఊళ్లో ఉన్నాడో నాకు తెలీదు. పోయాకే చెప్పినారు. రాయించు, ఊరి పేరు గూడా రాయించు" అంది. తర్వాత నా భార్య ఆరోగ్యం అడిగింది, నా మోకాళ్లు అడిగింది, మామిడికాయలు పంపనా అంది. మాట్లాడుతున్నంతసేపూ నన్ను వాడి పేరుతోనే పిలిచింది. నేను సరిచెయ్యలేదు.

పంచాయతీవాళ్లకి తమ్ముడు రాయి సైజు సంగతి చెప్పాడు. ఆ పెద్దాయన కొంచెం గొణిగాడట కానీ సర్పంచ్ ఒప్పుకుంది. ఆవిడ అన్న కూడా సీఆర్పీఎఫ్‌లో ఉన్నాడట.

ఇప్పటికి అనుకున్నది ఇలా. పైన రెజిమెంట్ గుర్తు. పేరు. సిపాయి, మద్రాస్ రెజిమెంట్. ఆపరేషన్ పవన్. వవునియా, శ్రీలంక. పుట్టిన తేదీ, పోయిన తేదీ. కింద వాళ్లమ్మ, నాన్న పేర్లు. "అమరవీరుడు" అన్న ఒక్క మాట ఉంచమని తమ్ముడు బతిమాలాడు, నేను కాదనలేకపోయాను. సుబేదార్ సాబ్, రికార్డ్స్‌కి ఉత్తరం నమూనా ఏదైనా ఉంటే పెట్టండి. కొలంబో బాబూ, నంబరు మెసేజ్ చేశాను. ఇంగ్లీషులో వాడి పేరు మొదట్లో ఒక "వి" ఎక్కువ ఉండే అవకాశం ఉంది, రెండు చోట్లా వెతుకు.

సిగ్నల్స్_సుబేదార్

నమూనా మెసేజ్‌లో పంపాను. సర్వీసు నంబరు, పోయిన తేదీ, నెక్స్ట్ ఆఫ్ కిన్ (దగ్గరి బంధువు) పేరు తప్పనిసరి. డిశ్చార్జ్ బుక్కు లేకపోయినా పెన్షన్ కాగితం జిరాక్సు జత చేస్తే చాలు. మద్రాస్ రెజిమెంట్ అని మాత్రమే వదిలేయకండి, ఏ బెటాలియనో కూడా వేయించండి. ఆ బెటాలియన్‌వాళ్లు ఎవరైనా ఆ దారిన వెళ్తే ఆగుతారు.

మాధవరం_మనవడు

బెటాలియన్ నంబరు తెలుగు అంకెల్లో వద్దు, మామూలు అంకెల్లోనే వేయించండి. చెక్కేవాడు అక్షరానికి లెక్క కట్టి డబ్బులు అడుగుతాడు, మొత్తానికి ఒక రేటు మాట్లాడుకోండి. ప్రూఫ్ కాగితం మీద తీయించి వాళ్లమ్మకి చదివి వినిపించాకే సుత్తి పట్టుకోమనండి.